చంద్రుడి నేలను త్రీడీలో చూడటం ఎలా: క్యూజీఐఎస్‌తో టైకో బిలం మొదలుకొని అంగారకుడి దాకా

చంద్రుడి మీది బిలాలను, అంగారకుడి మీది అగ్నిపర్వతాలను త్రీడీలో చూపించే బొమ్మలు మన ఫోన్లలోకి తరచుగా వస్తూనే ఉంటాయి. వాటిలో ఎత్తును ఎన్ని రెట్లు పెంచి చూపించారో చాలావాటిలో రాసి ఉండదు కాబట్టి, ఆ కొండ నిజంగానే అంత నిటారుగా ఉందా, లేక గీసినవారు అలా నిలబెట్టారా అన్నది చూసేవారికి తెలిసే వీలు లేదు. అదే బొమ్మను అంతరిక్ష నౌకలు కొలిచిన ఎత్తుల నుంచి మీ కంప్యూటర్‌లో మీరే తయారు చేసుకుంటే ఆ సందేహానికి తావుండదు. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితం, సమాచారమూ ఉచితమే. త్రీడీ కిటికీ తెరవడం ఒక్క క్లిక్కు పని. ఆ క్లిక్కుకు ముందు చేయవలసిన సిద్ధపాటులోనే బొమ్మ నిజమైనదా కాదా అన్నది తేలిపోతుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగాన్ని ఆ సిద్ధపాటుకే కేటాయించాను.

బెంగళూరులో ఉండే తెలుగువారికి ఈ విషయం అంత దూరపుదేమీ కాదు. నగరం దాటాక బ్యాలాలు గ్రామం దగ్గర ఇస్రో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నా చంద్రయాన్ నౌకల సంకేతాలను అందుకుంటుంది. ఆ నౌకలు పంపిన శాస్త్రీయ సమాచారాన్ని భద్రపరచి అందరికీ అందించే కేంద్రం కూడా అక్కడే ఉంది. హై గ్రౌండ్స్‌లోని నెహ్రూ ప్లానెటేరియానికి పిల్లలను తీసుకువెళ్ళి వచ్చిన తల్లిదండ్రులు ఆ ఆసక్తిని ఇంటి దగ్గర కొనసాగించడానికి ఇంతకంటే మంచి పని నాకు తోచదు.

ముందుగా ఏం కావాలి

ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ ఈ పనికి సరిపోతుంది. దానిలో క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌ను దాని అధికారిక వెబ్‌సైట్ నుంచి దింపుకొని ఇన్‌స్టాల్ చేసుకోండి. త్రీడీ చూపు ఈ సాఫ్ట్‌వేర్‌లోకి 2018లో వచ్చిన 3.0 వెర్షన్‌తోనే చేరింది. అయితే ఇతర గ్రహాల నిరూపక వ్యవస్థలను, అంటే అక్షాంశ రేఖాంశాల వంటి అంకెలతో చోటును గుర్తించే పద్ధతులను, అది సులభంగా గుర్తించడం ఆ తరువాతి వెర్షన్లలో మొదలైంది కాబట్టి, 3.28 గాని అంతకంటే కొత్తది గాని తీసుకోవడం మంచిది. ఆఫీసు ల్యాప్‌టాప్ తప్ప మరొకటి లేనివారు, బెంగళూరులో మనవాళ్ళలో అలాంటివారు చాలామందే ఉంటారు, కంపెనీ అనుమతి లేకుండా దానిలో ఏదీ ఇన్‌స్టాల్ చేయలేరు. వారు బ్రౌజర్‌లోనే తెరుచుకొనే నాసా వారి మూన్ ట్రెక్, మార్స్ ట్రెక్‌లతో మొదలుపెట్టవచ్చు. చూడటానికి అవి చాలు. కొలవడానికి, ఎత్తును మన చేతిలో ఉంచుకోవడానికి మాత్రం క్యూజీఐఎస్ కావాలి.

ఎత్తుల ఫైలును తెచ్చుకోవడం

త్రీడీ చూపుకు ఆధారం ఫొటో కాదు, ఎత్తుల పటం. ఇది పైకి బూడిదరంగు బొమ్మలా కనిపించే ఒక ఫైలు. దానిలోని ప్రతి గడిలోనూ రంగుకు బదులు ఆ చోటి ఎత్తు అంకెగా నిక్షిప్తమై ఉంటుంది. చంద్రుడికి సంబంధించి ఇటువంటి పటాలలో అందరూ ముందుగా వాడేది, 2009లో బయలుదేరిన లూనార్ రికానసాన్స్ ఆర్బిటర్ అనే నౌకలోని లోలా పరికరం తయారుచేసినది. అది లేజర్ కాంతిని నేలమీదికి పంపి, తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఎత్తును లెక్కగడుతుంది. ఈ లోలా పటాన్ని అమెరికా భూగర్భ సర్వే సంస్థ వారి ఆస్ట్రోజియాలజీ విభాగం గడికి 118 మీటర్ల చొప్పున చంద్రుడంతటికీ కలిపి ఒకే ఫైలుగా ఉచితంగా ఇస్తోంది. ఆ ఫైలు ఎనిమిది జీబీకి పైగా ఉంటుంది కాబట్టి, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నప్పుడే, వీలైతే రాత్రిపూట, డౌన్‌లోడ్‌కు పెట్టండి.

ఫైలును క్యూజీఐఎస్‌లోకి లాగి వదలగానే చంద్రుడి పటం మొత్తం తెరపై పరుచుకుంటుంది. ఇక్కడ ఒక చిన్న తనిఖీ తప్పనిసరి. క్యూజీఐఎస్‌లో తెరిచిన ఒక్కొక్క పటాన్నీ లేయర్ అంటారు. ఈ లేయర్ ప్రాపర్టీస్‌లో కనిష్ఠ, గరిష్ఠ విలువలు చూడండి. చంద్రుడి మీద అత్యంత లోతైన చోటు సున్నా మట్టానికి 9.1 కిలోమీటర్ల కింద, అత్యంత ఎత్తైన చోటు 10.8 కిలోమీటర్ల పైన ఉన్నాయి. మీకు మైనస్ 9100 నుంచి 10,800 వరకు అంకెలు కనిపిస్తే అవి మీటర్లే. అలా కాక మైనస్ 18,000 నుంచి 21,500 వరకు కనిపిస్తే, ఆ అంకెలు అరమీటర్లలో ఉన్నాయని అర్థం. ఫైలు పరిమాణం తగ్గించడానికి అలా దాచారు. అప్పుడు రాస్టర్ (గడుల పటం) క్యాలిక్యులేటర్‌లో ఆ లేయర్‌ను 0.5తో గుణించుకోవాలి. ఈ పనిని మొత్తం ఫైలు మీద కాకుండా, తరువాతి దశలో ముక్క కత్తిరించాక చేస్తే నిమిషంలో అయిపోతుంది. ఈ తనిఖీ చేయనివారి బొమ్మలో ప్రతి కొండా రెట్టింపు ఎత్తుతో నిలబడుతుంది, పైగా చూడటానికి బాగుంటుంది కూడా, కాబట్టి పొరపాటు ఎవరి కంటా పడదు.

సున్నా మట్టం అన్నాను గనుక ఒక మాట. చంద్రుడికి సముద్రం లేదు. అందువల్ల 1737.4 కిలోమీటర్ల వ్యాసార్ధం గల ఒక నున్నటి గోళాన్ని ఊహించుకొని, ఆ గోళం నుంచి పైకీ కిందికీ ఎత్తులను కొలుస్తారు.

ఒక చోటును ఎంచుకొని కత్తిరించడం

మొదటి ప్రయత్నానికి టైకో బిలాన్ని సూచిస్తాను. పౌర్ణమినాడు చంద్రుడి దక్షిణ భాగంలో తెల్లటి చారలు వెదజల్లుతూ కనిపించేది ఇదే. దీని వ్యాసం సుమారు 85 కిలోమీటర్లు. బెంగళూరు నుంచి హిందూపురానికి పటం మీద నేరుగా గీత గీస్తే వచ్చే దూరం కంటే కొంచెం తక్కువ. బిలం అంచు నుంచి అడుగు వరకు లోతు 4.7 కిలోమీటర్లు, నడుమ ఉన్న కొండ ఆ అడుగు నుంచి రెండు కిలోమీటర్ల ఎత్తు. అంచు, మెట్లుమెట్లుగా జారిన గోడలు, చదునైన అడుగు, నడిమి శిఖరం, అన్నీ ఒకేచోట ఉండటం వల్ల మీ బొమ్మ సరిగ్గా వచ్చిందో లేదో వెంటనే పోల్చుకోవచ్చు.

టైకో 43.3 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 11.4 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర ఉంది. కొన్ని పట్టికలలో ఇదే రేఖాంశాన్ని 348.6 డిగ్రీల తూర్పు అని ఇస్తారు. రెండూ ఒకటే, మొదటిది సున్నా నుంచి పడమటికి లెక్కించినది, రెండవది తూర్పుగా చుట్టూ తిరిగి వచ్చినది. మనం తెచ్చుకున్న ఫైలు మీటర్లలో ఉంటుంది కాబట్టి డిగ్రీలను మీటర్లలోకి మార్చుకోవాలి. చంద్రుడి మీద ఒక డిగ్రీ సుమారు 30.3 కిలోమీటర్లు. ఆ లెక్కన తెర అడుగున ఉన్న కోఆర్డినేట్ పెట్టెలో మైనస్ 345700, కామా, మైనస్ 1313000 అని టైపు చేసి ఎంటర్ నొక్కితే పటం టైకో మీదికి వెళ్ళి నిలుస్తుంది. స్కేలును సుమారు పది లక్షలకు ఒకటిగా పెట్టుకొని, బిలం దాని చుట్టూ ఉన్న కొంత నేలతో సహా తెరలో పట్టేదాకా మౌస్ చక్రం తిప్పి సర్దుకోండి.

ఇప్పుడు రాస్టర్ మెనూలోని ఎక్స్‌ట్రాక్షన్ కింద ఉన్న క్లిప్ రాస్టర్ బై ఎక్స్‌టెంట్ తెరిచి, పటం మీద మౌస్‌తో చతురస్రం గీసే ఎంపిక తీసుకొని, బిలానికి అన్ని వైపులా దాని వ్యాసంలో సగమంత జాగా వదిలి గీయండి. ఎనిమిది జీబీల ఫైలు నుంచి కొన్ని ఎంబీల ముక్క బయటికి వస్తుంది. ఇక పెద్ద లేయర్‌ను జాబితా నుంచి తీసివేయవచ్చు.

ప్రొజెక్షన్ మార్చడం

గుండ్రటి నేలను చదునైన పటంగా పరిచే పద్ధతిని ప్రొజెక్షన్ అంటారు. దాన్ని మార్చే ఈ దశను దాటవేసేవారే ఎక్కువ, బొమ్మలు వంకరపోయేదీ ఇక్కడే. మనం కత్తిరించిన ముక్క గోళాన్ని చాపలా పరిచిన పటంలోనిది. ఆ పటంలో ప్రతి అక్షాంశ వృత్తాన్నీ భూమధ్యరేఖంత పొడవుకు సాగదీస్తారు. చంద్రుడికీ అదే లెక్క. 43 డిగ్రీల దగ్గర ఆ సాగదీత 1.37 రెట్లు. అంటే గుండ్రటి టైకో తూర్పుపడమరలుగా సాగిన కోడిగుడ్డులా కనిపిస్తుంది, తూర్పు పడమటి గోడల వాలు ఉన్నదానికంటే మెత్తగా కనిపిస్తుంది. త్రీడీలో తిప్పి చూసేటప్పుడు ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఇక ఎత్తుల ఫైలు మీటర్లలో కాక డిగ్రీలలో ఉంటే, క్యూజీఐఎస్‌లో వాడుకలో ఉన్న చాలా వెర్షన్లు త్రీడీ కిటికీని సరిగ్గా చూపించనే చూపించవు. ఎందుకంటే అడ్డం డిగ్రీలలో, నిలువు మీటర్లలో ఉన్నప్పుడు ఆ రెంటికీ పొంతన కుదరదు.

దీనికి విరుగుడు, బిలం మధ్యలోనే కేంద్రం పెట్టుకున్న ఒక సొంత ప్రొజెక్షన్. సెట్టింగ్స్ మెనూలో కస్టమ్ ప్రొజెక్షన్స్ తెరిచి కొత్తది చేర్చండి. అందులో మీరు చెప్పవలసిన సంగతులు నాలుగే: రకం స్టీరియోగ్రాఫిక్, కేంద్రపు అక్షాంశం మైనస్ 43.3, కేంద్రపు రేఖాంశం మైనస్ 11.4, గోళం వ్యాసార్ధం 1737400 మీటర్లు. స్టీరియోగ్రాఫిక్ పద్ధతి ఆకారాలను వంకర పోనివ్వదు, బిలం గుండ్రంగానే ఉంటుంది. తరువాత రాస్టర్ మెనూలోని ప్రొజెక్షన్స్ కింద వార్ప్ అనే సాధనాన్ని తెరిచి, కత్తిరించిన ముక్కను ఈ కొత్త ప్రొజెక్షన్‌లోకి మార్చండి. అక్కడ రీశాంప్లింగ్ (పాత గడుల నుంచి కొత్త గడుల ఎత్తును లెక్కగట్టే) పద్ధతిగా బైలీనియర్ గాని క్యూబిక్ గాని ఎంచుకోవాలి. మొదట కనిపించే నియరెస్ట్ నెయిబర్ వదిలేస్తే నున్నటి వాలు మీద లేని మెట్లు పుడతాయి. గడి పరిమాణం 118 మీటర్లు ఇవ్వండి. అంతకంటే చిన్నది ఇచ్చినంత మాత్రాన కొత్త వివరం రాదు, ఫైలు మాత్రం ఉబ్బుతుంది.

చివరగా ప్రాజెక్ట్ మొత్తానికి కూడా అదే ప్రొజెక్షన్ పెట్టండి. తెర కుడివైపు అడుగున ఉన్న బటన్ ఇందుకే. ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో కొలతలకు వాడే దీర్ఘవృత్తజం (ఎలిప్సాయిడ్, అంటే గ్రహం ఆకారపు లెక్క) భూమిదే ఉండిపోతే, స్కేలు సాధనంతో కొలిచిన దూరాలు తప్పుతాయి. దాన్నీ చంద్రుడి వ్యాసార్ధానికి మార్చాలి. అలవాటుకొద్దీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను నేపథ్యంగా చేర్చకండి. మూలం, గమ్యం ఒకే గ్రహానికి చెందినవి కావు అనే అర్థంలో ఒక ఎర్ర సందేశం వస్తే, అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. భూమికి చెందిన నిరూపకాలను చంద్రుడిలోకి మార్చమని మనం అడిగామని అది చెబుతోంది.

రంగు, నీడ

త్రీడీలోకి వెళ్ళే ముందు ఈ లేయర్‌కు రెండు కాపీలు చేసుకోండి. ఒకదానికి లేయర్ స్టైలింగ్‌లో సింగిల్‌బ్యాండ్ సూడోకలర్ ఇచ్చి ఎత్తును బట్టి రంగులు వేయండి. రెండవదానికి వాలుల మీద వెలుగునీడలు వేసే హిల్‌షేడ్ ఇచ్చి, సూర్యుడి దిశ 315 డిగ్రీలు, ఎత్తు 45 డిగ్రీలు ఉంచండి. దిశను తెరలో కింది వైపు నుంచి, అంటే 180 డిగ్రీల దగ్గరికి మార్చి చూస్తే ఒక వింత జరుగుతుంది: బిలాలు గుంటలుగా కాకుండా బొడిపెలుగా కనిపిస్తాయి. వెలుతురు పైనుంచే వస్తుందన్న నమ్మకం మన మెదడులో అంత గట్టిగా నాటుకొని ఉంది. అందుకే పటాలు గీసేవారు వాయవ్యం నుంచి వెలుగు పడుతున్నట్టు గీస్తారు.

రంగులకు బదులు నిజమైన ఫొటోను కప్పదలచుకుంటే, అదే లూనార్ రికానసాన్స్ ఆర్బిటర్ కెమెరా తీసిన గడికి 100 మీటర్ల చంద్రపటం దొరుకుతుంది. దాన్నీ ఇదే విధంగా కత్తిరించి ప్రొజెక్షన్ మార్చుకోవాలి. ఫొటోలో అప్పటికే అసలైన నీడలు ఉంటాయి కాబట్టి దాని పైన మళ్ళీ హిల్‌షేడ్ వేయకండి. రెండు సూర్యులున్న లోకంలా కనిపిస్తుంది.

త్రీడీ కిటికీ

వ్యూ మెనూలో న్యూ త్రీడీ మ్యాప్ వ్యూ నొక్కండి. కొత్త కిటికీలో మీ పటం మొదట పలకలా చదునుగానే ఉంటుంది. ఆ కిటికీలోని కాన్ఫిగర్ బటన్ నొక్కి, టెర్రెయిన్ భాగంలో రకాన్ని డీఈఎం (ఎత్తుల పటం) రాస్టర్ లేయర్‌గా మార్చి, వార్ప్ చేసిన ఎత్తుల లేయర్‌ను చూపించండి. వర్టికల్ స్కేల్ అనే చోట ఒకటి ఉంచండి. మొదటిసారి చూసేటప్పుడు దీన్ని పెంచవద్దు. టైకో లోతుకు పద్దెనిమిది రెట్లు వెడల్పు ఉన్నప్పటికీ, దాని గోడలు, శిఖరం ఒకటి దగ్గరే చక్కగా లేచి కనిపిస్తాయి. అంచులు గరుకుగా ఉంటే టైల్ రిజల్యూషన్‌ను 16 నుంచి 64కు పెంచండి. కంప్యూటర్ నెమ్మదిస్తే తగ్గించండి.

ఎడమ బటన్ నొక్కి లాగితే నేల జరుగుతుంది, చక్రంతో దగ్గరికీ దూరానికీ వెళ్ళవచ్చు, షిఫ్ట్ నొక్కి లాగితే నేల తిరుగుతూ వంగుతుంది, కంట్రోల్ నొక్కి లాగితే మీరు నిలబడినచోటే తల తిప్పి చూసినట్టు ఉంటుంది. నేలలో అక్కడక్కడ పాతాళానికి పోయే నూతులు, నిలువు గోడలు కనిపిస్తే అవి చంద్రుడివి కావు. సమాచారం లేని గడులలో ఉంచిన మైనస్ 32768 వంటి గుర్తు అంకెను సాఫ్ట్‌వేర్ ఎత్తుగా చదివిందన్నమాట. లేయర్ ప్రాపర్టీస్‌లోని ట్రాన్స్‌పరెన్సీ భాగంలో ఆ అంకెను నో డేటాగా నమోదు చేస్తే అవి పోతాయి. దగ్గరికి వెళ్ళినకొద్దీ ఉత్తర దక్షిణాలుగా సన్నటి గీతలు కనిపించవచ్చు. అవి కూడా నేల మీదివి కావు, నౌక ధ్రువం నుంచి ధ్రువానికి తిరిగిన దారుల జాడలు.

ఏం కనిపించదో కూడా తెలిసి ఉండాలి. టైకో నడిమి శిఖరం మీద 120 మీటర్ల వెడల్పైన ఒక పెద్ద బండ ఉన్నట్టు ఫొటోలలో స్పష్టంగా కనిపిస్తుంది. మన ఎత్తుల పటంలో ఒక్కొక్క గడి 118 మీటర్లు, అంటే ఆ బండ అంతా ఒక్క గడిలోనే ముగుస్తుంది. దానికి ఆకారం రావాలంటే కనీసం మూడు నాలుగు గడులైనా ఉండాలి. మరొక లోటు వంపు. మన పటం చదునైనది గనుక చంద్రుడి గుండ్రతనం ఇందులో పోయింది. నిజానికి టైకో నట్టనడుమ నుంచి అంచుకు వెళ్ళేసరికి గోళం వంపు వల్లనే నేల అర కిలోమీటరు కిందికి దిగుతుంది. చంద్రుడి మీద నిలబడిన మనిషికి చదునైన నేలపై దిగంతం రెండున్నర కిలోమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి, బిలం నడుమ నుంచి చుట్టూ అంచంతా ఈ కిటికీలో కనిపించినంత నిండుగా అక్కడ కనిపించదు.

కంటికి కనిపించినదాన్ని కొలిచి చూసుకోవడానికి వ్యూ మెనూలోని ఎలివేషన్ ప్రొఫైల్ వాడండి. ముందుగా లేయర్ ప్రాపర్టీస్‌లోని ఎలివేషన్ భాగంలో ఈ లేయర్ ఎత్తును సూచిస్తుందని టిక్ పెట్టాలి. ఆపైన బిలం మీదుగా అడ్డంగా గీత గీస్తే అడ్డుకోత బొమ్మ వస్తుంది. అంచుకూ అడుగుకూ మధ్య తేడా 4700 మీటర్ల చుట్టుపక్కల ఉంటే ఇంతవరకు చేసినదంతా సరిగ్గా జరిగినట్టే. 9000 దాటితే అరమీటర్ల సంగతి మరచిపోయినట్టు.

ధ్రువం వైపు, ఆ తరువాత అంగారకుడు

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన శివశక్తి స్థలం 69.37 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 32.32 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. దాన్ని చూడటానికి సొంత ప్రొజెక్షన్ తయారుచేసే పని కూడా లేదు. ప్రొజెక్షన్ల జాబితాలో ఐఏయూ_2015:30135 అని వెతికితే చంద్రుడి దక్షిణ ధ్రువానికి సిద్ధంగా ఉన్న స్టీరియోగ్రాఫిక్ దొరుకుతుంది. ఆ అక్షాంశం దగ్గర అది దూరాలను మూడు శాతానికి కొంచెం ఎక్కువగా మాత్రమే పెంచుతుంది. నౌక దారులన్నీ ధ్రువం దగ్గర కలుస్తాయి కాబట్టి లోలా కొలతలు అక్కడే దట్టంగా ఉన్నాయి. 21 కిలోమీటర్ల షాకిల్టన్ బిలం అడుగున ఎప్పుడూ ఎండ పడదు, ఫొటోలలో అది నల్లగానే ఉంటుంది. లేజర్‌కు ఎండతో పనిలేదు గనుక మీ త్రీడీ కిటికీలో మాత్రం దాని అడుగు కనిపిస్తుంది. ఇంకా సూక్ష్మంగా చూడదలచినవారు ఇస్రో వారి ప్రదాన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకొని, చంద్రయాన్-2 టెర్రెయిన్ మ్యాపింగ్ కెమెరా సమాచారాన్ని తీసుకోవచ్చు. ఆ కెమెరా ఒకే చోటును ముందుకు, నిట్టనిలువుగా, వెనక్కు మూడు కోణాలలో తీసి, ఆ తేడాల నుంచి ఎత్తును రాబట్టడానికి వీలు కల్పిస్తుంది.

అంగారకుడికి దశలన్నీ ఇవే. ఫైలు మార్స్ గ్లోబల్ సర్వేయర్‌లోని మోలా లేజర్ పరికరానిది, గడికి 463 మీటర్లు, సుమారు రెండు జీబీలు. ప్రొజెక్షన్‌లో వ్యాసార్ధం 3396190 మీటర్లు ఇవ్వాలి. పాత అంగారక పటాలలో రేఖాంశాన్ని పడమటి వైపు లెక్కించేవారు కాబట్టి, ఎక్కడైనా తీసుకున్న నిరూపకాలు తూర్పువా పడమటివా చూసుకోండి. క్యూరియాసిటీ రోవర్ 2012లో దిగిన గేల్ బిలం మంచి ఎంపిక. 154 కిలోమీటర్ల ఆ బిలం నడుమ ఐదు కిలోమీటర్ల కొండ ఉంది.

ఒలింపస్ మాన్స్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం వర్టికల్ స్కేల్ ప్రశ్న తప్పదు. ఎత్తు 21 కిలోమీటర్లకు పైనే అయినా వెడల్పు 600 కిలోమీటర్లు, వాలు సగటున నాలుగైదు డిగ్రీలు. ఒకటి దగ్గర చూస్తే బోర్లించిన పళ్ళెంలా ఉంటుంది, అదే దాని నిజరూపం. స్కేలు ఐదుకు పెంచితే ఆ వాలు ఇరవై డిగ్రీలు అవుతుంది, పర్వతంలా కనిపిస్తుంది. శుక్రుడి మీది మాట్ మాన్స్ అగ్నిపర్వతాన్ని మాజెల్లాన్ నౌక రాడార్ సమాచారంతో తయారుచేసి విడుదల చేసిన ప్రసిద్ధ చిత్రంలో ఎత్తును 22.5 రెట్లు పెంచారు. ఈనాటికీ చాలామంది మనసులో శుక్రుడు సూదికొండల లోకంగా ఉండిపోవడానికి అలాంటి చిత్రాలు కొంత కారణమని నా అభిప్రాయం. వాలు మరీ తక్కువైనచోట రెండు మూడు రెట్లు పెంచడంలో తప్పు లేదు, అంతకు మించితే చూస్తున్నది మన సెట్టింగ్‌నే.

త్రీడీ కిటికీ పైనున్న బటన్లతో ఆ చూపును బొమ్మగా దాచుకోవచ్చు, యానిమేషన్ పట్టీతో ఒక చోటి నుంచి మరో చోటికి ఎగురుతున్నట్టు వరుస చిత్రాలూ తీసుకోవచ్చు. దాచిన బొమ్మను ఎవరికైనా పంపే ముందు, దాని మూలలో చోటి పేరు, ఏ పరికరం కొలిచిన ఎత్తులు, గడి పరిమాణం, ఎత్తును పెంచిన రెట్లు, ఈ నాలుగూ చిన్న అక్షరాలతో రాయండి. పెంచకపోతే ఒకటి అని రాయండి.